స్టాండర్డ్ వాన్‌గార్డ్ ఫేజ్ 1: ఇంజన్ పట్టేసింది, యాడ మొదలుపెట్టాల?

తాడిపత్రి_బండ అడిగిన ప్రశ్న

తాడిపత్రి పక్కన ఒక తోట షెడ్డులో స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు ఉంది. వీపు గుండ్రంగా కిందికి జారే ఫేజ్ 1 మోడల్. బేరం దాదాపు కుదిరింది. డబ్బు కట్టేముందు ఇక్కడి పెద్దలను అడుగుదామని రాస్తున్నా.

ఉన్న పరిస్థితి ఇది. హ్యాండిల్ వేసి ఇద్దరు తిప్పినా ఇంజన్ కదలదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా చిక్కగా ఉంది, పాలరంగు మాత్రం లేదు. రేడియేటర్లో చుక్క నీళ్ళు లేవు, మూత లోపల తెల్లగా రాయిలాంటి పొర. బ్రేక్ పెడల్ నేలకు ఆనుతోంది, వెనక ఎడమ చక్రం తిరగదు. వైర్లు ఎలుకలు కొరికేసినాయి. పైరేకు బాగుంది కానీ డిక్కీలో స్టెప్నీ పెట్టే చోట వేలు పెడితే దిగుతోంది. గేరు స్టీరింగ్ పక్కనే, మూడు గేర్లు, లివర్ బాగా లూజు. పాత ఆర్‌సీ పుస్తకం ఉంది, చనిపోయిన ఓనరు పేరుతోనే ఉంది.

నా అనుమానాలు:
హెడ్ లేపి, పిస్టన్ల మీద చెక్క పెట్టి సుత్తితో కొడితే వదులుతుందని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. కొట్టించొచ్చా?
"ఇది ఫెర్గూసన్ ట్రాక్టర్ ఇంజనే, సామాన్లు యాడైనా దొరుకుతాయి" అని ఇంకొకాయన. ఎంతవరకు నిజం?
దీన్ని వదిలేసి డీజిల్ ఇంజన్ వేయించమని మూడో సలహా. ఏమంటారు?

---

లేతుపట్టి_కర్నూలు

కొట్టించొద్దు బ్రదర్. ఈ ఒక్క మాట మీ మెకానిక్‌కు ముందే చెప్పండి, మిగతావన్నీ తర్వాత.

వాన్‌గార్డ్‌ది వెట్ లైనర్ ఇంజన్. బోరు (సిలిండర్ వెడల్పు) 85 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 92, మొత్తం 2088 సీసీ. అంబాసిడర్ ఇంజన్‌లో బోరు బ్లాకులోనే ఉంటుంది. ఇందులో అట్ల కాదు. నాలుగు లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే ఇనుప గొట్టాలు, విడిగా బ్లాకులో నిలబడి ఉంటాయి, వాటి చుట్టూ నేరుగా నీళ్ళు తిరుగుతాయి. లైనర్ అడుగున ఎనిమిది అంకె ఆకారంలో సన్నని ప్యాకింగ్ ఉంటుంది, రెండు లైనర్లకు ఒకటి చొప్పున. పైన హెడ్ బిగించినప్పుడు ఆ ఒత్తిడితోనే లైనర్ ఆ ప్యాకింగ్ మీద కూర్చుంటుంది. హెడ్ తీసేస్తే లైనర్‌ను పట్టుకునేదేమీ లేదు. ఆ స్థితిలో పిస్టన్‌ను కొట్టినా, క్రాంక్ తిప్పినా, పైకి వచ్చే పిస్టన్‌తో పాటు లైనర్ కూడా వెంట్రుకవాసి లేస్తుంది. అంత లేస్తే చాలు, అడుగు సీలు పోయినట్టే. ఆ తర్వాత నీళ్ళు పోస్తే నేరుగా ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతాయి. పాలరంగు లేదంటున్నారు కదా, అంటే ఇప్పటికి ఆ సీళ్ళు బతికే ఉన్నాయేమో. సుత్తితో చంపుకోవద్దు.

హెడ్ ఉండగానే ప్రయత్నం చేయాల. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్), అసిటోన్ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్లో 50 మి.లీ. పోయండి. అసిటోన్ ఆవిరైపోతుంది, కాబట్టి రోజూ కొంచెం పోస్తూ వారం పది రోజులు వదిలేయాల. దగ్గర బీడీ కూడా వెలిగించొద్దు. ఈలోగా ట్యాపెట్ కవర్ తీసి రాకర్లు చూడండి. పట్టేసిన వాల్వు ఉంటే ఇంజన్ తిరగగానే పుష్‌రాడ్ వంగుతుంది. అందుకే రాకర్ షాఫ్ట్ ముందే విప్పేసి, ఒక్కో వాల్వు తలపై చెక్క సుత్తితో మెల్లగా తట్టి, స్ప్రింగు తిరిగి లేపుతోందో లేదో చూసుకోవాల.

పది రోజులయ్యాక సెల్ఫ్ మోటారు విప్పి, ఆ రంధ్రంలోంచి ఫ్లైవీల్ పళ్ళకు లివర్ పెట్టి ముందుకు, వెనక్కి రెండు వైపులా ఆడించండి. ఒకే వైపు బలం పెట్టొద్దు. వెంట్రుకంత కదిలినా సరే, అది చాలు, మళ్ళీ ఆయిల్ పోసి మరుసటి రోజు చూడండి. సెల్ఫ్ వేసి మాత్రం గుంజించొద్దు, పళ్ళు పోతాయి.

అప్పటికీ రాకపోతే హెడ్ తీయాల్సిందే. నట్లు చల్లటి ఇంజన్ మీద, బిగించే వరసకు ఎదురు వరసలో, పావు పావు చుట్టు వదులు చేయండి. హెడ్ స్టడ్లకు అంటుకుని ఉంటుంది, సందులో ఉలి పెట్టి లేపితే ఫేసు చెడిపోతుంది. స్టడ్ల చుట్టూ తుప్పు వదిలించే ఆయిల్ రోజుల తరబడి పోయడమే దారి. హెడ్ రాగానే, ఇంకేమీ ముట్టుకోకముందే, ఇనుప పట్టీ ముక్కలు కోసి, హెడ్ స్టడ్లకే పైపు ముక్కలు, నట్లు వేసి లైనర్లను తొక్కిపెట్టాల. ఒక్కో పట్టీ రెండు లైనర్ల అంచుల మీద కూర్చునేటట్టు చూడండి, బోరులోకి పొడుచుకు రాకూడదు.

వెట్ లైనర్‌లో ఒక సుఖం కూడా ఉంది. ఏ పిస్టనైనా మొండికేస్తే ఆయిల్ ఛాంబర్ విప్పి, కనెక్టింగ్ రాడ్డును క్రాంక్‌కు పట్టుకునే ఆ బిగ్ ఎండ్ క్యాప్ తీసేసి, లైనర్‌నూ పిస్టన్‌నూ కలిపి పైకి తీసేయొచ్చు. బయటికి వచ్చాక ప్రెస్ మీద పెట్టి విడదీసుకోవచ్చు. బ్లాకుకు ఏమీ కాదు.

---

పెన్నాఒడ్డు

ట్రాక్టర్ మాట గురించి. సగం నిజం, సగం మీ జేబుకు చిల్లు.

స్టాండర్డ్ కంపెనీ ఈ ఇంజన్ వంశాన్ని చాలాచోట్ల వాడింది. చిన్న ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్, ట్రయంఫ్ టీఆర్2, మోర్గన్ ప్లస్ 4, అన్నింటిలోనూ ఇదే. టీఆర్2లో బోరు 83 మి.మీ. చేసి 1991 సీసీకి తగ్గించారు. ట్రాక్టర్లో మొదట 80 మి.మీ. (1850 సీసీ), తర్వాత 85. అంతకంటే ముందు వచ్చిన టీఈ20ల్లో కాంటినెంటల్ ఇంజన్ ఉండేది, దానికీ దీనికీ సంబంధం లేదు. కాబట్టి "ఫెర్గూసన్ సామాను" అంటే సరిపోదు. పెట్రోల్ టీఈ20, స్టాండర్డ్ ఇంజన్, 85 మి.మీ. అని మూడూ అడగాల.

మన ఊళ్ళలో ఇంకో గందరగోళం ఉంది. కొట్టులో ఫెర్గూసన్ అనగానే టాఫే వాళ్ళ మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ సామాను తీసి బల్లమీద పెడతారు. అది డీజిల్, పూర్తిగా వేరే ఇంజన్. దాంట్లోంచి దీనికి పనికొచ్చేది ఏమీ లేదు.

85 మి.మీ. ట్రాక్టర్ లైనర్, పిస్టన్ సెట్టు ఇంగ్లండులో కొత్తవి దొరుకుతాయి. ట్రాక్టర్‌కు కంప్రెషన్ తక్కువ, వాన్‌గార్డ్‌కు 6.7:1. అందుకే ఆర్డరు పెట్టేముందు పాత పిస్టన్ బయటికి తీసి, పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల వరకు ఎత్తు, పిన్ను వ్యాసం, రింగుల సంఖ్య కొలిచి, అమ్మేవాళ్ళ కొలతలతో పోల్చుకోండి. బ్రిటన్‌లోని స్టాండర్డ్ మోటర్ క్లబ్‌లో చేరితే మాన్యువల్, పార్ట్ నంబర్ల విషయంలో సాయం ఉంటుంది. కారు సామాన్లకు మద్రాసు పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు తిరగాల. స్టాండర్డ్ కార్లు మన దేశంలో తయారైంది మద్రాసులోనే కాబట్టి ముందు పుదుపేట.

డీజిల్ ఇంజన్ సంగతి ఇంకెవరైనా చెప్తారు, నేను చెప్తే తిట్లే వస్తాయి.

---

తాడిపత్రి_బండ

అన్నా, ఇద్దరికీ థాంక్స్. సుత్తి పని ఆపించినా. బ్లాకు పక్కన నీళ్ళు వదిలే ట్యాపు విప్పితే ఏమీ రాలేదు. సైకిల్ చువ్వ దూరిస్తే అంగుళం కూడా పోలేదు, కొనకు తెల్లటి సున్నం, ఎర్రమట్టి కలిసి అంటుకుంది. ఇది మామూలేనా?

---

లేతుపట్టి_కర్నూలు

మామూలే, కానీ మంచి వార్త కాదు. అనంతపురం బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోసిన ఇంజన్లన్నిట్లోనూ ఇదే కథ. రేడియేటర్లో నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు, సున్నం మిగిలిపోతాయి. మళ్ళీ పోస్తారు, మళ్ళీ మిగులుతాయి. బరువైన మడ్డి అంతా కిందికి దిగి లైనర్ పాదం చుట్టూ చేరుతుంది. అక్కడ నీళ్ళు తిరగవు కాబట్టి నాలుగో సిలిండర్ ఎక్కువ వేడెక్కుతుంది. అంతకంటే పెద్ద సమస్య, ఆ తడి మడ్డి కింద లైనర్ కూర్చునే అంచు గుంటలు గుంటలుగా తినేసి ఉంటుంది. ఎనిమిది అంకె ప్యాకింగ్ ఎంత కొత్తదైనా గుంటల మీద సీలు పట్టదు.

కాబట్టి ఇంజన్ సులువుగా వదిలినా సరే, మీ బండికి లైనర్లు తీయక తప్పదు. కడిగితే పోయేది కాదిది. బ్లాకు పూర్తిగా విప్పాక ఇట్ల చేయండి:

లైనర్లకు 1 నుంచి 4 వరకు నంబర్లు, ముందు వైపు ఎటో గుర్తు పెట్టి, కింది నుంచి చెక్కతో తట్టి తీయండి. బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు (నీళ్ళ జాకెట్ రంధ్రాలు మూసే రేకు బిళ్ళలు) అన్నీ తీసేయాల, మడ్డి గీకడానికి అవే కిటికీలు. గీకాక మిగిలిన సున్నానికి నిమ్మ ఉప్పు, లీటరుకు 50 గ్రాములు, వేడినీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టండి. ఇది ఉత్త ఇనుప బ్లాకుకు మాత్రమే. క్యామ్ బేరింగులున్న చోటికి, రేడియేటర్ కోరులోకి ఆ నీళ్ళు పోనీయొద్దు. తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే గాలి కొట్టి ఆరబెట్టి నూనె పూయండి, లేకపోతే గంటలో ఎర్ర తుప్పు లేస్తుంది.

ఇప్పుడు లైనర్ కూర్చునే అంచు. దానిమీద ఎమరీ వేలితో రుద్దొద్దు, ఒక పక్క అరిగిపోతుంది. ఇత్తడి బ్రష్షుతో శుభ్రం చేసి, లైనర్ పాదానికి ప్రష్యన్ బ్లూ (ఆనిన చోట అంటుకునే నీలిరంగు పేస్టు) రాసి అటూ ఇటూ తిప్పి చూడండి. రంగు చుట్టూ తెగకుండా అంటాలి. తెగితే అక్కడ గుంట ఉన్నట్టు. గుంట లోతుగా ఉంటే మంచి బోరింగ్ మిషన్ ఉన్న చోట ఆ అంచు ఫేసింగ్ చేయించాలి, అంటే చదునుగా చెక్కించాలి. ఎంత తీశారో రాసిపెట్టుకోండి, అంత మేరకు లైనర్ కిందికి దిగుతుంది.

ఇక అసలు కొలత. కొత్త ప్యాకింగ్ పొడిగా వేసి, లైనర్ పెట్టి, పట్టీలతో తొక్కి బిగించి, డయల్ గేజ్‌తో చూస్తే లైనర్ తల బ్లాకు ఫేసు కంటే 3 నుంచి 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పైకి ఉండాలి. మిల్లీమీటర్లలో 0.08 నుంచి 0.13. తక్కువైతే హెడ్ ప్యాకింగ్ ఒత్తదు, రెండు లైనర్ల మధ్య మొదట కాలిపోతుంది. ఒకటి ఎక్కువ, పక్కది తక్కువ ఉన్నా అదే గతి. తక్కువ ఉంటే మందం ఎక్కువున్న ప్యాకింగ్ చూడాల, లేదంటే బ్లాకు పైఫేసు తేలిగ్గా స్కిమ్మింగ్ చేయించాల, అంటే మిషన్ మీద పలచగా చెక్కించాల. రెంటికీ ముందు నాలుగు లైనర్ల కొలతా కాగితం మీద రాసుకోవాల, కళ్ళతో చూసి నిర్ణయించేది కాదిది.

కొలత కుదిరాక ప్యాకింగ్‌కు రెండు వైపులా గట్టిపడని సీలెంట్ పలచగా పూసి బిగించండి. క్రాంక్ వేయకముందే బ్లాకు కింద పాత పేపరు పరిచి, నీళ్ళ జాకెట్ నింపి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేపరు మీద ఒక్క చుక్క మరక ఉన్నా మళ్ళీ తీయాల్సిందే. ఇప్పుడు తీయడానికి గంట పడుతుంది, ఇంజన్ కట్టాక వారం.

ఆ తర్వాత బోరు నీళ్ళు ఈ బండి దగ్గరికి తేవొద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. రేడియేటర్‌ది రాగి, ఇత్తడి కోరు, లారీ రేడియేటర్లు చేసే పాతతరం వాళ్ళు ట్యాంకులు విప్పి కడ్డీ దూర్చి శుభ్రం చేస్తారు. అల్యూమినియం కోరు వేస్తామంటే ఒప్పుకోవద్దు.

---

గుత్తి_కోట_నీడ

డీజిల్ ఇంజన్ గురించి: వేస్తే తిరుగుతుంది. కానీ కాగితం పోతుంది.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు విడిగా రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి ఉండాలి, అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. డీజిల్ వేసిన రోజే ఆ అర్హత పోయినట్టు. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫారం 20, ఇన్సూరెన్స్, పాత ఆర్‌సీ, 20,000 రూపాయల ఫీజు. పదేళ్ళకు ఇస్తారు, ఆ తర్వాత రెన్యువల్ 5,000. కొత్తగా నంబరిస్తే అందులో వీఏ అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. ఇందులో పడ్డాక రోజూ మార్కెట్టుకు తిప్పడానికి కుదరదు. ర్యాలీ, ప్రదర్శన, రిపేరు, పెట్రోలు, ఇట్లాంటి వాటికే.

మీకు ముందున్న పని అది కాదు. ఓనరు చనిపోయినారు కాబట్టి మొదట వారసుల పేరుకు ఫారం 31తో మారాలి, దానికి వారసత్వ ధ్రువపత్రం కావాలి. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో మీ పేరుకు. వారసులు ముగ్గురు నలుగురుంటే అందరి సంతకాలూ ఇప్పుడే తీసుకోండి. బండి మెరిసిపోయాక సంతకం పెట్టేవాళ్ళ ధర మారుతుంది. ఆర్‌సీలో ఉన్న చాసిస్, ఇంజన్ నంబర్లు బండి మీద నంబర్లతో అక్షరం అక్షరం పోల్చండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడకముందు మన జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలోనివి. మీ పుస్తకం అంతకు ముందుదైతే మొదటి రికార్డు మద్రాసు వైపుది, ఆర్టీవో ఆఫీసులో పాత ఎంట్రీ కోసం అడగాల్సి రావొచ్చు. ఇవన్నీ తేలేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

---

కడప_కటౌట్

కరెంటు, బ్రేకులు నా వంతు.

ఈ కాలపు ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ప్లస్సు బాడీకి ఉంటుంది. మన మెకానిక్ అలవాటు కొద్దీ మైనస్ బాడీకి తగిలిస్తాడు. కట్టేముందు ఎర్త్ పట్టీ ఏ కొనకు పోతోందో, కాయిల్ మీద వైర్లు ఎట్ల ఉన్నాయో చూడండి. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే మళ్ళీ పాత పద్ధతికి తెచ్చి, డైనమోను ఒకసారి పోలరైజ్ చేయాలి, అంటే దాని అయస్కాంతాన్ని ఆ దిశకు తిప్పాలి. డైనమో నుంచి వైర్లు తీసేసి, చిన్నదైన ఎఫ్ టెర్మినల్‌కు బ్యాటరీ లైవ్ వైరు ఒక్క క్షణం తాకించి తీసేయాలి, చిన్న నిప్పురవ్వ వస్తుంది. అంతే. మైనస్ ఎర్త్‌కు చేసిన ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, చార్జర్ సాకెట్ దీనికి తగిలిస్తే కాలిపోతాయి.

ఎలుకలు కొరికిన గుడ్డచుట్టు వైరింగ్‌ను అతుకులు వేసి నడపొద్దు. పాత వైర్ల జడ మొత్తం ఊడదీసి, చెక్కబల్ల మీద మేకులు కొట్టి దాని ఆకారం పరిచి, అదే పొడవుతో కొత్తది అల్లించండి. బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్ పెట్టుకోండి, అసలు రూపం చెడదు.

బ్రేకులు నాలుగూ 9 అంగుళాల డ్రమ్ములు, హైడ్రాలిక్. పెడల్ నేలకు పోతోందంటే మాస్టర్ సిలిండర్ కప్పులు ఎండిపోయినాయి. వెనక చక్రం పట్టేసింది బహుశా హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేసినందుకు, లైనింగ్ డ్రమ్ముకు అంటుకుని ఉంటుంది. డ్రమ్మును సుత్తితో అంచు మీద కొడితే పగులుతుంది. అడ్జస్టర్ పూర్తిగా వదులు చేసి చుట్టూ తట్టాలి. వీల్ సిలిండర్లు అంగుళాల కొలత. దగ్గరగా ఉందని మిల్లీమీటర్ కప్పు వేస్తే మొదట పట్టినట్టే ఉండి వేడికి లీకవుతుంది. బోరు గుంటలు పడితే స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించి అసలు సైజుకే తేవాలి. పైపులు, హోసులు మొత్తం కొత్తవి. హోసు బయట నున్నగా ఉన్నా లోపల ఉబ్బి మూసుకుపోతుంది, పెడల్ వదిలినా బ్రేకు వదలదు. బ్రేకు ఆయిల్ డాట్ 3 లేదా 4 మాత్రమే. ఇంజన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బరు మొత్తం పోతుంది.

ఇంకొకటి. అంగుళాల బోల్టుల్లో రెండు జాతులుంటాయి, బీఎస్ఎఫ్, యూఎన్ఎఫ్. 5/16 సైజులో బీఎస్ఎఫ్‌కు అంగుళానికి 22 చుట్లు, యూఎన్ఎఫ్‌కు 24. రెండు మూడు చుట్లు చేత్తోనే ఎక్కి తర్వాత బిగుసుకుంటాయి, అప్పుడు పానా వేస్తే మర పోతుంది. థ్రెడ్ గేజ్ నూటాయాభై, రెండొందలకు దొరుకుతుంది, ముందు అది కొనండి.

---

పెన్నాఒడ్డు

మిగిలినవి క్లుప్తంగా. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాత ఏసీ కంపెనీ పెట్రోలు పంపు డయాఫ్రం, కార్బురేటర్ కార్క్ ప్యాకింగులు మెత్తబడి పోతాయి. డయాఫ్రం ఇథనాల్ తట్టుకునేదే అడిగి వేయండి. రబ్బరు పైపులు కూడా. సోలెక్స్ కార్బురేటర్లో మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాల్సి రావొచ్చు, ప్లగ్గు మొహం తెల్లబడితే అదే గుర్తు. బండి నెలల తరబడి ఆపేటట్టయితే ట్యాంకు ఖాళీ చేయండి.

గేరుబాక్సులో మూడు గేర్లకూ సింక్రో (గేరు రాసుకోకుండా పడేటట్టు చేసే అమరిక) ఉంది, రింగులు ఇత్తడివి. జీఎల్-4 రకం గేరు ఆయిల్ పోయండి, జీఎల్-5 అని రాసిన డబ్బా వద్దు, ఇత్తడిని తినొచ్చు. లివర్ లూజు గురించి గేరుబాక్సు విప్పకండి. స్టీరింగ్ కాలమ్ కింద రాడ్ల చివరి బుష్షులు అరిగి ఉంటాయి, లేతు మీద కొత్తవి తీయించుకుంటే సగం లూజు పోతుంది.

టైర్లు 16 అంగుళాల రిమ్ముకు. ట్రాక్టర్ ముందు టైరు 6.00-16 రిమ్ముకు ఎక్కుతుంది, చవక కూడా. కానీ అది పొలానికి చేసిన టైరు, హైవే మీద కారుకు వేయొద్దు. జీపుకు వచ్చే 6.00-16 పరవాలేదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మడ్‌గార్డుకు రాసుకోకుండా చూసుకుని వేయండి.

టింకరింగ్ చివరన. మన ఎండకు పైరేకు నిలుస్తుంది, తుప్పంతా మ్యాట్ల కింద, తలుపుల అడుగున, స్టెప్నీ గూటిలో. చక్రాలు నల్లరేగడిలో దిగి ఉంటే చాసిస్ అడుగు కూడా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, రేగడి వానాకాలం తేమ నెలల తరబడి పట్టి ఉంచుతుంది.

---

తాడిపత్రి_బండ

వారసులు ముగ్గురు, సంతకాలకు ఒప్పుకున్నారు. లైనర్, పిస్టన్ సెట్టు ఇప్పుడే ఆర్డరు పెట్టేద్దామా? ఇంగ్లండు నుంచి రావడానికి టైం పడుతుంది కదా.

---

లేతుపట్టి_కర్నూలు

వద్దు. ఇప్పుడు హెడ్ ప్యాకింగ్, ఎనిమిది అంకె ప్యాకింగులు రెండు మందాల్లో ఉంటే రెండూ, కోర్ ప్లగ్గులు, ఇవి మాత్రం తెప్పించుకోండి. ఏ దారిలో పోయినా ఇవి కావాల. పాత లైనర్లు బయటికి వచ్చి, బోరు పైన, మధ్యన, కింద మూడు చోట్ల రెండేసి దిక్కుల్లో కొలిచాక, బ్లాకు అంచు బ్లూ పరీక్ష అయ్యాక సెట్టు సంగతి. అంచు పూర్తిగా తినేసి ఉంటే ముందు బ్లాకు దొరకాల, సెట్టు దానికి తర్వాత. కొలతలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాం.